రెండు నిమిషాల రైడ్‌కు కొండెందుకు?

ప్రశ్న: ఈమధ్య పిల్లలతో ఒక పార్కులో కొత్త రోలర్ కోస్టర్ ఎక్కాం. పట్టాలు, కాంక్రీటు నేల తప్ప చుట్టూ ఏమీ లేదు, నాకు వెలితిగా అనిపించింది. మావారేమో "ఎక్కాక ఎలాగూ కళ్లు మూసుకుంటాం, అలంకరణ దండగ" అంటారు. కొత్త రైడ్‌ల థీమ్ మీద పార్కులు ఇంకా ఖర్చు పెట్టాలంటారా?

జవాబు: పెట్టాలమ్మా. రైడ్ నడిచేది రెండు నిమిషాలు. దానికోసం క్యూలో గంట నిలబడతాం, ఆ గంటసేపూ కళ్లు తెరిచే ఉంటాం కదా!

నేను ముప్పై ఏళ్లు నాటకాలకు సెట్లు వేశాను. సెట్ అనేది చివర్లో తెచ్చి అతికించేది కాదు. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కులో 1994లో తెరిచిన నెమిసిస్ కోస్టర్‌నే చూడండి. అక్కడ చెట్లను మించి ఎత్తు కట్టకూడదు. అందుకని రాతినేలను పేల్చి, గొయ్యి తవ్వి, పట్టాలు అందులోకి దించారు. కాళ్లు గాల్లో వేలాడుతుంటాయి, పక్కనే బండరాళ్లు, కింద ఎర్రటి నీళ్లు. రాయి అంత దగ్గరగా వచ్చిపోతుంటేనే వేగం ఒంటికి తెలుస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో, డిస్నీ పార్కులో 1975 నుంచి ఉన్న స్పేస్ మౌంటెన్ అనే కోస్టర్ వేగం గంటకు 45 కిలోమీటర్లే. స్కూటర్ వేగం! చీకటి, ఆ చీకట్లో చుక్కలు, అంతే, గుండె గొంతులోకి వస్తుంది. చెక్కతో కట్టిన పెద్ద కోస్టర్లకు మాత్రం ఏ హంగూ అక్కర్లేదంటాను. ఆ దూలాల అడవే చాలు.

నా బాధల్లా కట్టాక పట్టించుకోకపోవడం గురించే. ఫ్లోరిడాలోనే డిస్నీ యానిమల్ కింగ్‌డమ్‌లో 2006లో ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ అనే కోస్టర్ తెరిచారు. మీదికి ఉరికే భారీ యెతి (మంచుమనిషి) బొమ్మ దానికి ప్రాణం. కొన్నాళ్లకే అది కదలడం మానేసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి దాని మీద లైట్లు టపటపా కొట్టించి, కదులుతున్నట్టు చూపించారు. పది బొమ్మలు పెట్టే డబ్బుతో నాలుగే పెట్టి, మిగతాది ఏటా రంగులకీ మరమ్మతులకీ పక్కన పెట్టాలి.

ఒకసారి మా మనవడితో ఒక పార్కుకెళ్లాను. క్యూ పక్కనే కొండ. పెచ్చులూడి, లోపలి ఇనుప జాలీ కనిపిస్తోంది. వాడు ఆ కన్నంలో వేలు పెట్టి, "తాతయ్యా, ఇది డొల్ల" అన్నాడు. కాసేపటికి మా బండి ఆ కొండలోంచే దూసుకెళ్లింది. వాడు తల తిప్పి చూడలేదు.