గ్యాస్ కట్టానో లేదోనని పదేపదే చూసుకున్నా నమ్మకం ఎందుకు కుదరదు?

భవానీపురం నుంచి బెంజి సర్కిల్ దాకా వచ్చేశాక కూడా మీ అక్క గ్యాస్ కట్టానో లేదోనని ఆటో వెనక్కి తిప్పిస్తోందని రాశారు. అది మతిమరుపు కాదండీ, ఓసీడీ లక్షణంలా ఉంది, అంటే అనవసర అనుమానం వచ్చి ఒకే పనిని మళ్ళీమళ్ళీ చేయించే మానసిక సమస్య. 2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు వాన్ డెన్ హౌట్, కిండ్ట్ మామూలు విద్యార్థుల చేత కంప్యూటర్లో గ్యాస్ స్టవ్‌ను మళ్ళీమళ్ళీ చెక్ చేయించారు, చివర్లో ఏ నాబ్‌లు చూశారని అడిగితే జవాబులు దాదాపు సరిగ్గానే చెప్పారు గానీ, ఆ జ్ఞాపకం మసకబారి దాని మీద నమ్మకం మాత్రం బాగా తగ్గిపోయింది. అంటే చూసేకొద్దీ అనుమానం పెరుగుతుందన్నమాట! కాబట్టి 'నేను చూశాలే అక్కా' అని మీరు రోజూ భరోసా ఇవ్వడం కూడా ఓసీడీని పెంచేదే. ఒక్కసారి కట్టేసి, టెన్షన్‌ను ఓర్చుకుని వెనక్కి వెళ్ళకుండా ఉండటం మెల్లగా నేర్పే థెరపీ ఉంది, 1966లో మనస్తత్వవేత్త విక్టర్ మేయర్ ప్రచురించిన పని దానికి పునాది. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో సైకియాట్రీ విభాగం ఉంది, ముందు ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416.