ఆ డబ్బు సంచి ఏమైంది?

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. గ్రీకు పంతులు జార్జియోస్ గెన్నాడియోస్ మీద నువ్వు రాసిన వ్యాసం నిన్న రాత్రి చదివాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. నాఫ్‌ప్లియో పట్టణంలో ఆయన ఏ చెట్టు కింద నిలబడి మాట్లాడాడో, దాన్ని నువ్వు రావిచెట్టు చేశావు. మనవాళ్లకు దగ్గరగా ఉంటుందని చేసి ఉంటావు. అది చినార్ చెట్టమ్మా. కాశ్మీరులో ఉన్నదీ ఆ చెట్టే. మన పాఠకుడు ఆ మాత్రం ఊహించుకోగలడు. శీర్షిక కింద పెట్టిన ‘గ్రీకు వీరేశలింగం’ అన్న మాటా తీసెయ్యి. అది ఇద్దరికీ అన్యాయం.

నీ వాక్యం బాగుంది. ఇక అసలు సంగతికి వస్తాను.

1826 నాటి ఆ ప్రసంగానికి ఒక పేజీ ఇచ్చావు. అందులో విశేషణాలు లెక్కపెట్టాను, పద్నాలుగు ఉన్నాయి. ‘చారిత్రాత్మకం’ కూడా ఉంది (చారిత్రకం అనాలి). డబ్బు సంచిని మాత్రం ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ ఏప్రిల్‌లోనే గ్రీకుల పట్టణం మిసొలొంగీ తురుష్కుల వశమైంది. స్వాతంత్ర్య పోరాటం చేస్తున్న గ్రీకు ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. గెన్నాడియోస్ తన సంచి తీసి అందరి ముందూ పెట్టాడు. పెట్టాక, ఇది ఏ మూలకు వస్తుందని ఆయనకే అనిపించింది. ఇవ్వడానికి ఇంకో కాసు లేదు, నేను మిగిలాను, నన్నే అమ్ముతున్నాను, నాలుగేళ్లపాటు తమ పిల్లలకు పంతులు ఎవరికి కావాలో వచ్చి వెల కట్టండి అన్నాడు. లైప్‌జిగ్‌లో చదువుకున్న పండితుడు! అంతటివాడు నడివీధిలో తన నాలుగేళ్లకు ధర అడుగుతుంటే, నీకు కనబడింది ‘అనర్గళమైన వాగ్ధాటి’యా?

ఆ చందాల్లోనే, బట్టలుతికి బతికే ఒక కాందిశీకురాలు తన వెండి ఉంగరం, ఒక్క గ్రోసి నాణెం ఇచ్చిందని చెబుతారు. ఆమెను పిలిచిన వెక్కిరింపు పేరు ‘ప్సొరొకోస్తైనా’. తర్వాత గ్రీకులు తమ నిరుపేద రాజ్యాన్నే ఆ పేరుతో పిలుచుకున్నారు. ఆమె నీ వ్యాసంలో లేనే లేదు.

పంతులు జీవితం రాసేవాళ్లు ముందు ఆయన జమాఖర్చులు రాయాలి. నలభై ఏళ్లుగా ఈ మాటే చెబుతున్నాను. నేను మా మాస్టారి జీవితం రాసినప్పుడు ఆయన పద్దుపుస్తకం దొరికింది. జీతం ఇరవై రెండు రూపాయలు. అందులో మూడు రూపాయలు ప్రతి నెలా ‘పిల్లల కిరసనాయిలు’ పద్దు కింద పోయేవి. రాత్రిపూట ఆయన అరుగు మీద చదువుకున్న పిల్లల్లో నేనూ ఒకణ్ణి. ఒక వారపత్రిక సంపాదకుడు సరిగ్గా ఆ పేజీనే కొట్టేశాడు. గురువు గురించి రాస్తూ డబ్బు ప్రస్తావన అమర్యాద అన్నాడు. దాని బదులు ‘విద్యాదాత’, ‘జ్ఞానజ్యోతి’ చేర్చి అచ్చు వేశాడు. ఆ సంచిక ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. మళ్లీ తెరిచి చూడలేదు. ఇప్పుడు పత్రికల్లో వస్తున్న ‘స్ఫూర్తి కథలు’ చూసినా నాకు ఆ కోపమే వస్తుంది.

పద్దు అంటే డబ్బు ఒక్కటే అనుకోకు. బుకారెస్టులో గెన్నాడియోస్ పాఠాలు విన్న కుర్రాళ్లు 1821లో తురుష్కుల మీద తిరగబడ్డ పవిత్ర దళంలో చేరారు. ద్రాగాషాని దగ్గర జరిగిన పోరులో ఆ దళం తుడిచిపెట్టుకుపోయింది. ఆ చెట్టు కింద నిలబడి నాలుగేళ్ల పంతులు పని అమ్మకానికి పెట్టిన మనిషి వెనక ఆ ఖాళీ బల్లలున్నాయి. నువ్వు వీటిని రెండు వేర్వేరు అధ్యాయాల్లో పెట్టావు. దగ్గరికి తీసుకురా.

ఏజినా దీవిలోని సెంట్రల్ స్కూలు, 1832 నాటి వ్యాకరణం, ఏథెన్స్‌లో హైస్కూలు, జాతీయ గ్రంథాలయం, ఇవన్నీ క్లుప్తంగానే రాశావు, అలాగే ఉంచు. వ్యాకరణం దగ్గర మాత్రం కొంచెం ఆగు. యుద్ధం ముగిసీ ముగియకముందే కూర్చుని పిల్లలకు ప్రాచీన గ్రీకు విభక్తులు రాసిచ్చిన మనిషి ఆయన.

1854లో ఏథెన్స్‌లో కలరా ప్రబలింది. ఆయన దానికే పోయాడు. కొడుకు ఇయోఆన్నిస్‌కు అప్పటికి పదేళ్లు. ఆ పిల్లవాడే పెద్దై రాయబారిగా పనిచేస్తూ జీవితమంతా పుస్తకాలు కొన్నాడు. దాదాపు 26,000 సంపుటాలను తండ్రి పేర ఇచ్చేశాడు. 1926లో ఏథెన్స్‌లో గెన్నాడియస్ గ్రంథాలయం తెరిచారు. చెట్టు కింద సంచి తీసిన ఏడాదికి సరిగ్గా నూరేళ్లు. ఈ సంగతి నీ వ్యాసంలో చివరి పాదసూచికలో పడి ఉంది!

పుస్తకంగా వేయవచ్చా, ముందుమాట రాస్తారా అని అడిగావు. రెండో ప్రతి వచ్చాక చూద్దాం. దసరాలోపు పంపు. మొదటి వాక్యంలోనే సంచి బల్ల మీద పడాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు