పరంగిమలై ఎక్కబోయే అమ్మాయికి

మైలాపూరు, చెన్నై

చిరంజీవి అమ్మాయికి,

నీ యాత్రా వ్యాసం చదివాను. భక్తి నిండుగా ఉంది. చోటు మాత్రం కనిపించలేదు. ఏసు శిష్యుడు తోమాసుతో ముడిపడిన శాంథోమ్ గుడి, చిన్నమలై, పరంగిమలై కొండలు మూడూ నీ రాతలో ఒకే గుడిలా ఉన్నాయి. మళ్లీ వెళ్లు, ఈసారి వరుస మార్చు. బీచ్ పక్కనే కదా అని అందరూ శాంథోమ్‌తో మొదలుపెడతారు. అది ఆయన సమాధి, కథకు చివర. పునీత తోమాసు తలదాచుకున్నది చిన్నమలై గుహలో అనీ, ప్రాణం విడిచింది పరంగిమలై మీద అనీ సంప్రదాయం. ఆ దారినే నడువు. తెల్లవారుతూనే బయల్దేరితే ఎండెక్కకముందే కొండ చేరతావు. ఆటోలో పైదాకా పోవద్దు. ఆయాసపడకుండా రాసిన కొండ చదివేవాళ్లకు ఎత్తనిపించదు. ఆ మెట్లు పద్దెనిమిదో శతాబ్దంలో పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మీనియా వర్తకుడు కట్టించినవి. ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు, నువ్వే లెక్కపెట్టుకో.

ఇలాంటి వ్యాసం ఎక్కువగా క్రియాపదం దగ్గరే చెడుతుంది. కొండ మీది శిలువనే చూడు. రాతి మీద పహ్లవీ అనే పాత పారశీక లిపి అక్షరాలున్నాయి. కంటికి కనిపించేదే కాబట్టి ‘ఉన్నాయి’ అని రాయి. 1547లో తవ్వుతుంటే బయటపడిందన్నది పోర్చుగీసువాళ్లు రాసిపెట్టిన మాట, అలాగే చెప్పు. తోమాసే చెక్కారని భక్తుల నమ్మకం. ఆయన తర్వాత కొన్ని వందల ఏళ్లకు చెక్కిందని లిపి చూసిన పండితులంటారు. రెండూ రాయి, ఏది ఎవరి మాటో తెలిసేలా. ‘చెక్కారట’ అని మాత్రం వద్దు. మన ‘అట’లోకి వెటకారం ఇట్టే దూరుతుంది. అక్కడ మోకరించిన ముసలమ్మకు అది గుచ్చుకుంటుంది. ‘అని నమ్ముతారు’ అంటే ఆమెను చిన్నబుచ్చినట్టూ ఉండదు, చరిత్రకు అబద్ధమూ అంటదు.

శాంథోమ్‌వి ‘ఐదు వందల ఏళ్ల గోడలు’ అన్నావు. పోర్చుగీసువాళ్ల గుడి పదహారో శతాబ్దానిదే గానీ, నువ్వు చూసిన తెల్లటి గోథిక్ కట్టడం 1896 నాటిది. సమాధి విషయంలోనూ తొందరపడకు: అస్థికలు చాలావరకు ఇటలీలోని ఒర్టోనాలో ఉన్నాయంటారు, ఇక్కడ చిన్న ఎముక ముక్క, ఆయన్ను పొడిచిందని నమ్మే ఈటె మొన భద్రపరిచారు.

సమాధి గదిలోకి వెళ్లేముందు ఫోను, నోటుపుస్తకం సంచిలో పెట్టెయ్. అరగంట ఊరికే కూర్చో. బయటికొచ్చిన పది నిమిషాల్లోపే రాసుకో, ఆలస్యమైతే మిగిలేవి విశేషణాలే. నేల చల్లగా ఉందా, పక్కవాళ్లు తమిళంలో ప్రార్థించారా, తెలుగులోనా, ఇవి కావాలి. వాళ్ల పేర్లూ కష్టాలూ వద్దు. ఆ మొర నీకు చెప్పుకున్నది కాదు. కొండ మీద మీనంబాక్కం విమానాల మోత వినిపిస్తుంది. ప్రార్థనకు అడ్డమని దాన్ని కొట్టెయ్యకు. అది తీసేస్తే ఆ కొండ ఏ ఊరిదైనా కావచ్చు.

సెయింటు అనడానికి కథోలికులు ‘పునీత’ అంటారు, మిగతావాళ్లకు ఆ మాట కొత్త. ఎవరి కోసం రాస్తున్నావో ముందే తేల్చుకో, మధ్యలో మార్చకు.

వెళ్లే ముందురోజు రాత్రి యోహాను సువార్త 20వ అధ్యాయం, 24 నుంచి 29 దాకా చదువు. అందులో తోమాసు అన్న ‘నా ప్రభువా, నా దేవా’ మాటను వ్యాసం చివర పెట్టకు, అందరూ అక్కడే పెడతారు. చిన్నమలై గుహలో వంగి దూరేటప్పుడు గుర్తొస్తే అక్కడే రాయి.

కొత్త ప్రతితో పాటు మెట్ల లెక్క కూడా పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ