పాత ఫోన్‌ని సర్వర్ చేసిన మేనల్లుడికి

చిన్నా,

ఫోన్‌లో లినక్స్ కమాండ్లు నడిపే టెర్మక్స్ యాప్‌లో పెట్టిన నీ సర్వర్ పగలంతా పలికి, రాత్రికి మూగబోతోందని ఫోన్‌ని రెండుసార్లు ఫార్మాట్ కొట్టావట. తొందరపడ్డావురా. ఫోన్ పాడవలేదు, నిద్రపోతోంది.

ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అని బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటు ఒకటుంది. ఛార్జర్ లేకుండా, స్క్రీన్ ఆపి, కదపకుండా వదిలేస్తే కాసేపటికి యాప్‌లకు నెట్ ఆపేస్తుంది. మధ్యమధ్యలో ఒకసారి కళ్లు తెరిచి మళ్లీ పడుకుంటుంది. నువ్వేమో ఏమైందో చూద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుంటావు, అది వెంటనే లేచి కూర్చుంటుంది. ఇక దొంగ ఎలా దొరుకుతాడు? బల్ల మీద వదిలేసి, రెండు గంటలాగి అమ్మ ఫోన్ నుంచి సర్వర్ తెరిచి చూడు.

సెట్టింగ్స్‌లో టెర్మక్స్ బ్యాటరీని 'అన్‌రిస్ట్రిక్టెడ్' చెయ్యి. తర్వాత దాని నోటిఫికేషన్‌లో 'అక్వైర్ వేక్‌లాక్' నొక్కు, స్క్రీన్ ఆగినా ప్రాసెసర్ మెలకువగా ఉంటుంది. రెండూ చెయ్యాలి. మొదటిది చెయ్యకపోతే డోజ్ ఆ వేక్‌లాక్‌ని లెక్కచెయ్యదు. కొన్ని కంపెనీల ఫోన్లలో వాళ్ల సొంత బ్యాటరీ సేవర్ వేరే ఉంటుంది, అక్కడ ఆటోస్టార్ట్ కూడా ఆన్ చెయ్యి. రౌటర్‌లో ఫోన్‌కి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఖాయం చేసెయ్, లేకపోతే మారిపోయినప్పుడల్లా సర్వర్ చచ్చిందనుకుంటావు.

'సిగ్నల్ 9' అని చూపించి ఆగిపోతే అది డోజ్ పని కాదు. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌లు పుట్టించే పిల్ల ప్రాసెస్‌లు (వెనకాల నడిచే ఉప పనులు) మొత్తం 32 దాటితే సిస్టమే చంపేస్తుంది. నీది ఆండ్రాయిడ్ 14 అన్నావు కదా, డెవలపర్ ఆప్షన్స్‌లో చైల్డ్ ప్రాసెస్ నిబంధన తీసేసే మీట ఉంటుంది.

ఛార్జర్ గుచ్చి ఉంచితే డోజ్ రాదుగా, ఇంత గొడవెందుకు అంటావేమో. నేనూ అదే తెలివి చూపించాను. పెదవాల్తేరు ఇంట్లో కిటికీ గూట్లో నా ఫోన్‌ని ఏడాది పాటు ఛార్జింగ్‌లోనే ఉంచాను. సముద్రపు గాలికి పిన్ పచ్చగా చిలుం పట్టింది, మే నెల ఉక్కకి బ్యాటరీ ఉబ్బి వెనక మూత పూరీలా లేచింది. మీ అత్తయ్య చూసింది కాబట్టి సరిపోయింది. నీ ఫోన్‌లో 80 శాతానికి ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టు, కిటికీకి, ఫ్రిజ్‌ పైభాగానికి దూరంగా ఉంచు. మూత లేచినట్టు అనిపిస్తే నొక్కకు, గుచ్చకు, ఛార్జర్ తీసేసి సర్వీస్ సెంటర్‌కి ఇచ్చెయ్.

ఆదివారం వచ్చేటప్పుడు ఆ ఫోన్ తీసుకురా. ఛార్జింగ్ పిన్ ఎలా ఉందో నేనొకసారి చూస్తాను.

మీ మావయ్య