చెవిలో మాటలు ఆగాయి.. మరుపు మాత్రం పోలేదు

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. నాలుగేళ్లుగా స్కిజోఫ్రెనియాకి మందులు వాడుతున్నాం. చెవిలో మాటలు వినిపించడం ఆగింది. కానీ అంగడికి పంపితే చెప్పిన మూడింట్లో ఒకటే తెస్తాడు. చిల్లర లెక్క తప్పుతాడు. నాన్న సోమరి అని తిడుతున్నాడు. జ్ఞాపకశక్తికి మందుందా?
- ఓ అక్క, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు మీ నాన్నగారితో ఆ 'సోమరి' మాట మాన్పించండి. ధ్యాస నిలవకపోవడం, విన్నది కాసేపైనా మనసులో పట్టి ఉంచుకోలేకపోవడం ఈ జబ్బులో భాగమే. చాలామందిలో చెవిలో మాటలు మొదలవక ముందే, చదువులో వెనకబడటంతోనే ఇది బయటపడుతుంది.

ఇప్పుడు వాడే మందులు ఆ మాటల్ని, అనుమానాల్ని బాగా అణుస్తాయి. మరుపు మీద వాటి ప్రభావం కొద్దిపాటే. ఐక్లెపెర్టిన్ అనే కొత్త మందు మీద నేనూ ఆశ పెట్టుకున్నాను. మూడో దశ ప్రయోగాల్లో దానికీ ఉత్తుత్తి మాత్రకీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదని 2025 జనవరిలో ప్రకటించారు. ఆ వార్త చదివి చాలా బాధపడ్డాను. కాబట్టి జ్ఞాపకశక్తి పెంచుతామని అమ్మే పొడులకీ టానిక్కులకీ డబ్బు పోయకండి.

ఒకసారి మందుల చీటీ తీసి చూడండి. చేతుల వణుకుకి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ అందులో ఉందా? అది మరుపును పెంచుతుంది. మీ అంతట మీరు ఆపొద్దు. ఇంకా అవసరమా, తగ్గించవచ్చా అని డాక్టరునే అడగండి.

మేలు చేస్తున్నది ధ్యాసకీ, జ్ఞాపకానికీ ఇచ్చే శిక్షణ. దాన్ని కాగ్నిటివ్ రెమిడియేషన్ అంటారు. 2011లో 40 అధ్యయనాలను కలిపి చూస్తే ఓ మోస్తరు మెరుగుదల కనిపించింది. జబ్బు అదుపులో ఉన్నవాళ్లకి, దానితోపాటు పని కూడా నేర్పినప్పుడు ఫలితం ఇంకా బాగుంది. మీ తమ్ముడికి ఇది సరైన సమయం.

ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. పాలు, టమోటా, కొత్తిమీర అని చీటీ వాడి చేతే రాయించండి, మీరు రాసివ్వొద్దు. ఒక్కోటి సంచిలో పడగానే గీత కొట్టమనండి. డబ్బిచ్చే ముందు 'వందిచ్చా, అరవై నాలుగు అయింది, ముప్పై ఆరు రావాలి' అని పైకి అనుకోమనండి. వారం రోజులు అదే అంగడి, అవే మూడు. కుదిరాక నాలుగోది చేర్చండి. రోజూ వేగంగా నడిచినా ఆలోచన చురుకవుతుందని పరిశోధనల్లో తేలింది, సాయంత్రం మీరూ వెంట వెళ్లండి.

తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బెంగళూరు నిమ్హాన్స్ పునరావాస విభాగమూ మీకు మరీ దూరం కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పాత చీటీలన్నీ పట్టుకెళ్లండి. మరుపు గురించి మీరు చెప్పేయకుండా, ఎక్కడ ఇబ్బంది పడుతున్నాడో మీ తమ్ముణ్ణే చెప్పనివ్వండి.