స్టార్ హోటల్లో డిన్నర్, చేతిలో 1400 క్యాలరీల లెక్క: ఏం ఆర్డర్ చేయాలి?

మూడు నెలలుగా రోజుకి 1400 క్యాలరీల్లో తింటూ ఆరు కిలోలు తగ్గానన్నారు. వచ్చే శనివారం మీ తోడల్లుడు బంజారాహిల్స్‌లో ఓ స్టార్ హోటల్లో పార్టీ ఇస్తున్నాడు. ఆ రోజు పొద్దుట్నుంచీ ఏమీ తినకుండా వెళ్ళాలా, లేక అక్కడ సూప్, సలాడ్‌తో కానిచ్చేయాలా అని మీ ప్రశ్న. రెండూ వద్దండీ. రెండూ చేసి దెబ్బతిన్న మనిషిని కాబట్టి చెబుతున్నాను.

నేను ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తాను. బయటి దేశాల కస్టమర్లు ఆడిట్‌కి వస్తే సాయంత్రం వాళ్ళని భోజనానికి తీసుకెళ్ళడం పదేళ్ళుగా నా డ్యూటీ. నెలకి రెండు మూడు సార్లు పెద్ద హోటల్ తిండి తప్పదు. నాలుగేళ్ళ కిందట డాక్టరుగారు నా రిపోర్టు చూసి షుగర్ గీత మీద ఉందమ్మా అన్నారు. అప్పట్నుంచి పదకొండు కిలోలు తగ్గాను, ఆ డిన్నర్లు ఒక్కటీ మానకుండానే.

ముందు ఉపవాసం సంగతి. మొదట్లో నేనూ మీలాగే లెక్క వేశాను. పొద్దున బ్లాక్ కాఫీ, మధ్యాహ్నం ఒక ఆపిల్, మిగిలిన కోటా అంతా రాత్రికి. ఎనిమిదికి టేబుల్ బుక్ చేశాం. గెస్టులు బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని తొమ్మిదిన్నరకి వచ్చారు. ఈలోగా టేబుల్ మీదికి అడక్కుండానే మసాలా అప్పడాలు, వేయించిన పల్లీలు వచ్చాయి. వెనకే అపోలో ఫిష్, చికెన్ మెజెస్టిక్. ఎప్పుడు తిన్నానో నాకే తెలీదు. మెయిన్ కోర్స్ ఆర్డర్ చేసేటప్పటికే ఆ రోజు కోటా అయిపోయి ఉంటుంది. మరి బిర్యానీ మానేశానా? లేదు. ఆకలిగా ఉన్నవాడికి మెనూ ఇస్తే కళ్ళు ఆర్డర్ చేస్తాయి. పైగా మీరు షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతుంటే పూట మానడం ప్రమాదం కూడా, డాక్టర్ని అడక్కుండా ఆ పని చేయకండి.

సూప్, సలాడ్ కథ ఇంకా హాస్యం. నేను తీసుకున్న సూప్‌లో క్రీము, సలాడ్ మీద గుడ్డుసొన, నూనె కలిపి గిలకొట్టిన డ్రెస్సింగ్, పైన వేయించిన బ్రెడ్ ముక్కలు, చీజు. పేరుకే ఆకులు. అందరూ మటన్ తింటుంటే నేను ఆకులు నమిలాను. ఇంటికొచ్చాక రాత్రి పదకొండున్నరకి ఫ్రిజ్ ముందు నిలబడి చల్లన్నంలో ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి కలుపుకుని తిన్నాను. మా ఆయన లైటేసి చూసి, ఏమీ అనకుండా లైటార్పి వెళ్ళిపోయాడు.

కాబట్టి శనివారం పొద్దున రెండు ఇడ్లీ సాంబారు, మధ్యాహ్నం ఒక పుల్కా, పప్పు, కూర, పెరుగు, సాయంత్రం ఐదున్నరకి ఒక ఉడికించిన గుడ్డు, పెద్ద గ్లాసు మజ్జిగ తీసుకోండి. నా లెక్కలో ఇంకా 700 క్యాలరీల దాకా రాత్రికి మిగులుతాయి. ఏం అడగాలో తెలిస్తే స్టార్ హోటల్లో కూడా అవి తక్కువేమీ కాదు.

చాలామంది గమనించని విషయం ఒకటి చెబుతాను. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన వల్ల 2022 నుంచి సెంట్రల్ లైసెన్స్ ఉన్న హోటళ్ళూ, పది లేదా అంతకంటే ఎక్కువ చోట్ల బ్రాంచీలున్న రెస్టారెంట్లూ మెనూలోనే ప్రతి వంటకానికీ క్యాలరీలు, ఒక సర్వింగ్ ఎంతో చూపించాలి. వంటకం పేరు కింద ధరకంటే చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుంటేగానీ కనపడదు. ఆ అంకెని నేను దేవుడి వాక్కులా తీసుకోను. వంటవాడి చెయ్యి ఒక్కోసారి ఒక్కోలా పడుతుంది. కానీ ఒకే వంటగదిలో రెండు వంటకాల మధ్య తేడా తెలుసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. ఒకటి రెండో దానికి రెట్టింపు చూపిస్తే ఆ తేడా నిజమే. ఆ అంకె ప్లేటు మొత్తానిదా, ఒక్కరి వాటాదా అన్నది కూడా చూడండి. నేను ఒకసారి నాలుగు ముక్కల కబాబ్ ప్లేటు అంకె చూసి హడలిపోయి మానేశాను, ఆ ప్లేటు నలుగురం పంచుకునేది.

అంకె లేని చోట వెయిటర్ని అడగడమే. ఇక్కడే మనవాళ్ళకి మొహమాటం. పెద్ద హోటల్లో ఇలాంటివి అడిగితే చిన్నతనం అనుకుంటాం. నిజానికి ఉడిపి హోటల్లో మధ్యాహ్నం రద్దీలో నూనె తగ్గించమంటే విసుక్కుంటారు. వేలల్లో బిల్లేసే చోట విసుక్కోరు, వాళ్ళు అమ్మేదే ఆ మర్యాద. మొదటిసారి నేను అడిగింది తందూరీ పాంఫ్రెట్ గురించి. "బాబూ, దీని మీద వెన్న రాస్తారా?" అన్నాను. ఆ అబ్బాయి కాస్త వంగి, రహస్యం చెబుతున్నట్టు, "తందూర్‌లోంచి తీశాక బ్రష్‌తో రాస్తాం మేడమ్, మెరుపు కోసం" అన్నాడు. మెరుపు నాకొద్దు, నిమ్మకాయ ఎక్కువివ్వు చాలన్నాను. చేప వచ్చింది. చర్మం అక్కడక్కడా నల్లగా మాడి, ముల్లు దగ్గర మాంసం తెల్లగా, తడిగా ఉంది. వాము వాసన ముందు కొట్టింది, తర్వాత నిమ్మరసం. ఇన్నాళ్ళూ ఆ వెన్న కింద వాము రుచే నాకు తెలియలేదు.

ఆ బ్రష్షే మీరు కాచుకోవాల్సిన శత్రువు. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 క్యాలరీలు. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2000 క్యాలరీలు తినేవాళ్ళకి వేసిన నమూనా పళ్ళెంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజు మొత్తానికి 27 గ్రాములు. అంటే రెండు పెద్ద చెంచాలు. మీది 1400, ఇంకా తగ్గించుకోవాలి. హోటల్ వంటలో ఆ రెండు చెంచాలు ఒక్క గిన్నె కూరలోనే ఉండొచ్చు. కోడిమాంసం మిమ్మల్ని లావు చేయదు. గ్రాము పిండిపదార్థానికీ మాంసకృత్తులకీ నాలుగేసి క్యాలరీలైతే, కొవ్వుకి తొమ్మిది. స్టార్ హోటల్ కూర నున్నగా, నోట్లో జారిపోయేలా ఉందంటే అందులో జీడిపప్పు ముద్దో, క్రీమో, వెన్నో ఉందనే అర్థం.

అందుకే పేర్లు నమ్మకండి. మలాయ్ అని ఉంటే తందూర్‌లో కాల్చినదైనా క్రీములోనో చీజులోనో నానినదే. గలౌటీ, షికంపురీ కబాబ్‌లు నోట్లో కరిగిపోతాయి, అవి పెనం మీద నేతిలోనో నూనెలోనో వేగినవి. హరియాలీ అంటే ఆకుపచ్చ, అంతే. పుదీనా, కొత్తిమీర, పెరుగు మాత్రమే అయితే మంచిదే, అడిగి తీసుకోండి. తందూరీ చికెన్, టిక్కా, చేప, పుట్టగొడుగులు వెన్న రాయకుండా అడిగితే ఏ హోటల్లోనైనా ఇస్తారు. మొత్తం మెనూలో మీకు బాగా పనికొచ్చే పేజీ అదే.

మన హైదరాబాదీ పేజీలో మోసపోయేది మిర్చీ కా సాలన్ దగ్గర. పచ్చిమిర్చి కూరే కదా అని గరిటెలు గరిటెలు పోసుకుంటాం. అందులో పల్లీలు, నువ్వులు, కొబ్బరి, పైన వేలెడు మందాన తేలే నూనె. బగారా బైంగన్‌దీ అదే వంశం. మరగ్ చూడ్డానికి పల్చటి మటన్ సూపులా ఉంటుంది, కానీ చాలాచోట్ల జీడిపప్పు, పాలమీగడ పడతాయి. నేను అడిగి తీసుకుంటాను, చిన్న గిన్నె మాత్రమే. పత్థర్ కా గోష్త్ నాకు ఇష్టం. గ్రానైట్ రాయి మీద కాల్చే పల్చటి ముక్కలు, నూనె రాయికి పూసేంతే పడితే హాయిగా తినొచ్చు.

బిర్యానీ మానేయమని నేను చెప్పను. హైదరాబాద్‌లో పుట్టి, దమ్ తీస్తున్నప్పుడు ఆ ఆవిరి ముఖానికి తగిలాక ఎవరైనా "నాకొద్దు" అంటే నేను నమ్మను. మానేస్తే ఇంటికెళ్ళి ఇంకేదో తింటారు, నా ముద్దపప్పు గుర్తుంది కదా. స్టార్ హోటల్లో ఒక బిర్యానీ ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది. కచ్చే గోష్త్ కీ బిర్యానీలో మసాలా, కొవ్వు అడుగున దిగి ఉంటాయి. వడ్డించే అబ్బాయి అడుగు నుంచి తవ్వి తీయకముందే, పైపొరల అన్నం ఒక్క గరిటె, రెండు ముక్కలు చాలని చెప్పండి. పక్కన రైతా వేసుకుని, సాలన్ జోలికి పోకుండా, నెమ్మదిగా తినండి. అన్నం తింటే రొట్టె వద్దు, రొట్టె తింటే అన్నం వద్దు. నాన్, షీర్‌మాల్, పరాఠాలకంటే వెన్న లేని తందూరీ రోటీ నయం. రుమాలీ పల్చగా ఉందని మురిసిపోకండి, విప్పితే టేబుల్ అంత ఉంటుంది, అదీ మైదానే.

పప్పులో కూడా తేడా ఉంది. నల్లటి దాల్ మఖనీ రాత్రంతా సన్నటి సెగ మీద వెన్న, క్రీముతో ఉడుకుతుంది. పసుపు పప్పు తాలింపు తక్కువేసి ఇమ్మంటే మన ఇంటి పప్పుకి దగ్గరగా వస్తుంది. ఆంధ్రా, తెలంగాణ వంటలుండే ఖరీదైన చోటైతే మీకు పండగే. కొరమీను పులుసు అడగండి. మన తెలంగాణ రాష్ట్ర చేప, కొవ్వు తక్కువ, పులుసంటే చింతపండు రసంలో ఉడికినదే. అదే చేప వేపుడైతే లెక్క మారిపోతుంది. పచ్చిపులుసు ఉంటే రెండు గ్లాసులు తాగినా ఎవరూ లెక్క అడగరు. గోంగూర మాంసం మాత్రం నూనె పైకి తేలేదాకా వేగాలి, లేకపోతే అది గోంగూర మాంసమే కాదు. చైనీస్, థాయ్ వైపు వెళ్తే ఆవిరి మీద ఉడికించిన చేప, డిమ్ సమ్, పల్చటి సూపు. క్రిస్పీ అన్న మాట కనపడితే పేజీ తిప్పేయండి.

తాగేవాటిలో ఉప్పు వేసిన ఫ్రెష్ లైమ్ సోడా. మాక్‌టైల్ అంటే రంగు వేసిన చక్కెరపాకం అనుకోండి. మీ తోడల్లుడు గ్లాసు చేతిలో పెడితే, 60 మిల్లీలీటర్ల విస్కీ దగ్గరదగ్గర 140 క్యాలరీలు, సోడాతో. కోలాతో అయితే ఇంకా పైన. అసలు చిక్కు క్యాలరీలు కూడా కాదు. రెండో పెగ్గు తర్వాత అపోలో ఫిష్ ప్లేటు దానంతటదే మీ వైపు జరుగుతుంది.

స్వీటు విషయంలో నాకు నిగ్రహం లేదు, ఒప్పుకుంటున్నాను. డబుల్ కా మీఠా నేతిలో వేయించిన రొట్టెని పాకంలో నానబెట్టింది, దాన్ని తేలిగ్గా చేసే మార్గమేదీ లేదు, రెండు చెంచాలు తిని పక్కవాళ్ళకి జరపడమే. ఖుబానీ కా మీఠా అయితే పైన క్రీము వేయకుండా అడగండి. ఎండు ఆప్రికాట్లు, చక్కెర, అంతే ఉంటుంది, కొంచెం తిన్నా తృప్తిగా ఉంటుంది. సీతాఫలాల కాలంలో మాత్రం నన్ను ఏ సలహా అడగొద్దు.

ఇక మీ తోడల్లుడు. డైట్‌లో ఉన్నానని టేబుల్ దగ్గర ప్రకటించకండి. ప్రకటిస్తే ఆ పూట అందరి మాటా మీ పొట్ట గురించే. "ఒక్కరోజుకి ఏమవుతుంది బావా" అని ఒకరు, "మగాడివి, ఇంత తినకపోతే ఎలా" అని ఇంకొకరు. నేను చేసేదేమిటంటే, మెనూ అందరికంటే ముందు చేతిలోకి తీసుకుని రెండు తందూరీ ప్లేట్లు, ఒక పసుపు పప్పు టేబుల్‌కంతా నేనే చెప్పేస్తాను. తర్వాత వడ్డించే గరిటె నా చేతిలోకి తీసుకుంటాను. ఎదుటివాళ్ళకి వడ్డించేవాళ్ళ పళ్ళెంలో ఏముందో ఎవరూ చూడరు. మీకు మీరు ముందు టిక్కా రెండు ముక్కలు పెట్టుకుని, అవి పూర్తిగా ఖాళీ కాకుండా చూసుకోండి. మన ఇళ్ళల్లో ఖాళీ పళ్ళెం కనపడితే నింపకుండా ఉండలేరు.

ఇంకో మాట. ఆదివారం పొద్దున బరువు చూసుకోకండి. నేను చూసుకున్నాను, కిలోన్నర పెరిగినట్టు చూపించింది, ఆ రోజంతా ఏడుపుమొహంతో తిరిగి సాయంత్రానికి మిర్చీబజ్జీలు తిన్నాను, ఎలాగూ పోయింది కదా అని. హోటల్ తిండిలో ఉప్పు ఎక్కువ, అన్నం, రొట్టె కూడా ఒంట్లో నీటిని పట్టి ఉంచుతాయి, అది కొవ్వు కాదు. మామూలుగా తింటూ నీళ్ళు తాగుతూ ఉంటే రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. బుధవారం పొద్దున ఎక్కండి మెషీను.