ఎనిమిది మందికి ఇటాలియన్ క్రిస్మస్ భోజనం: ఏదో ఒక ఊరి వంటే చేయండి

జర్మనీలో మీ ఇంటికి డిసెంబరు 25 మధ్యాహ్నం ఎనిమిది మంది వస్తున్నారు, వారిలో ఇద్దరు ఇటలీవారు, ఇద్దరు శాకాహారులు, అందరినీ సంప్రదాయ ఇటాలియన్ విందుతో మెప్పించాలి. ఇదీ మీ ప్రశ్న. మీరు రాసుకున్న జాబితాలో ఏడు రకాల చేపలు, ఆల్ఫ్రెడో పాస్తా, చికెన్ పార్మిజాన్, లసాన్యా, గార్లిక్ బ్రెడ్, తిరమిసు ఉన్నాయి. తొమ్మిదేళ్లుగా ఉత్తర ఇటలీ నగరం బొలోన్యాలో ఉంటున్నదాన్ని కాబట్టి చనువుగా చెబుతున్నాను, ఆ జాబితాను పక్కన పెట్టేయండి.

ఇటలీ అంతటికీ కలిపి ఒక క్రిస్మస్ భోజనం లేదు. నేపుల్స్‌లో అసలు సందడంతా 24 రాత్రిదే. ఆ పూట మాంసం ముట్టరు. ఆల్చిప్పల మాంసంతో స్పగెట్టీ, వేయించిన ఉప్పుచేప, ఈల్ చేప, కాలీఫ్లవర్‌తో పులుపు సలాడ్, చివర స్ట్రుఫోలి ఉంటాయి. స్ట్రుఫోలి అంటే చిన్న చిన్న పిండి ఉండలను వేయించి తేనెలో దొర్లించినవి. మన గవ్వలకు పాకం పట్టినట్టే ఉంటాయి. బొలోన్యాలో మాత్రం 25 మధ్యాహ్నం టోర్టెల్లిని సూపు లేకపోతే పండుగే లేదు. టోర్టెల్లిని అంటే మాంసం పూర్ణం పెట్టి మడిచిన చిన్న పాస్తా ముక్కలు. మీరు రాసిన ఏడు చేపల విందు, చికెన్ పార్మిజాన్ అమెరికాకు వలస వెళ్లిన ఇటాలియన్ల ఇళ్లలో స్థిరపడినవి. రుచికి వంక పెట్టను గానీ, మీ ఇటలీ అతిథులు వాటిని చూసి ఇంటిని తలుచుకోరు.

నేను ఇక్కడికి వచ్చిన రెండో ఏడు ఇదే పొరపాటు చేశాను. కింది అంతస్తులో ఉండే ఇంటి యజమానురాలిని, ఆవిడ చెల్లెలిని పిలిచి, విస్తరి భోజనం అలవాటుతో ఆరు వంటకాలూ ఒకేసారి బల్ల మీద పెట్టాను. వాళ్లు సూపు తాగి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పళ్లేలు మార్చి తరువాతి వంటకం తెస్తానని ఎదురుచూస్తున్నారని నాకు తట్టేలోపు లసాన్యా చల్లారిపోయింది. ఇక నా టోర్టెల్లిని నోళ్లు తెరిచి పూర్ణమంతా సూపులోకి వదిలేశాయి. పెద్దావిడ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున ఒక గిన్నెడు తన సూపు పట్టుకుని పైకి వచ్చి, "ఇది తాగి చూడమ్మా" అంది. ఆ తరువాతి డిసెంబరు నుంచి ఆవిడ వంటింట్లోనే నా శిక్షణ. కింద రాసేదంతా అక్కడ నేర్చుకున్న బొలోన్యా భోజనమే.

అన్నిటికంటే ముఖ్యం సూపు, ఇక్కడి మాటలో బ్రోదో. విత్తులు తీసి బాగా మేపిన కోడిపుంజు, అంటే కపోనే, దొరికితే సరే. లేకపోతే ముదురు పెట్ట తీసుకోండి. లేత బ్రాయిలర్ కోడితో ఆ రుచి రాదు. రెండు కిలోల కోడికి ఐదు లీటర్ల చన్నీళ్లు పోసి, ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్, ఒక సెలెరీ కాడ వేయండి. వేడినీళ్లలో వేస్తే మాంసం బిగుసుకుని సారం దిగదని ఆవిడ పట్టుదల. పైకి తేలే తెట్టు తీసేస్తూ, మూడు గంటలకు తక్కువ కాకుండా సన్నని సెగ మీద ఉంచాలి. అక్కడక్కడ ఒక్కో బుడగ రావాలి, అంతే. తెర్లనిస్తే సూపు మబ్బుగా అవుతుంది. పార్మిజానో అనే గట్టి చీజ్ పైచెక్కు ఉంటే గీకి శుభ్రం చేసి అదీ వేయండి. ఇదంతా 24వ తేదీనే చేసి, వడకట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే పేరుకున్న కొవ్వు పొద్దున చెంచాతో వచ్చేస్తుంది. కొంచెం మాత్రం వదిలేయండి. పూర్తిగా తీస్తే ఆసుపత్రి సూపులా ఉంటుంది.

టోర్టెల్లిని చేత్తో చేయాలా? మొదటిసారి వద్దు. బొలోన్యావారే చాలామంది పండుగకు తాజా పాస్తా దుకాణం ముందు వరుసలో నిలబడతారు. మనిషికి నూరు గ్రాముల లెక్కన మంచివి కొనండి. మరీ సరదా పడితే నూరు గ్రాముల పిండికి ఒక గుడ్డు చొప్పున కలిపి, పలచగా వత్తి, మూడు సెంటీమీటర్ల పైచిలుకు చదరాలుగా కోసి, శనగగింజంత పూర్ణం పెట్టి మడవాలి. కజ్జికాయలు మడిచిన చేతులకు మడత కష్టం కాదు. పిండి ఆరిపోవడమే కష్టం. నావి విడిపోయింది అందుకే. వత్తిన పిండిలో కొంచెం మాత్రమే పైకి తీసి, మిగతాది గుడ్డ కింద దాచండి. పూర్ణం కొలతలను 1974లో బొలోన్యా వాణిజ్య మండలిలో అధికారికంగా నమోదు చేశారు. పంది నడుము మాంసం, ప్రొషూటో (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ), మోర్టడెల్లా (పందిమాంసపు సాసేజి), పార్మిజానో, గుడ్డు, జాజికాయ. కనుక పందిమాంసం తినని అతిథి ఉంటే ముందే అడిగి తెలుసుకోండి.

సూపుకు ఉడికించిన కోడే రెండో వంటకం. దాన్ని ముక్కలు చేసి, పార్స్లీ, కేపర్లు (ఊరబెట్టిన పూమొగ్గలు), ఆంకోవీ అనే చిన్న ఉప్పుచేప, వెనిగర్‌లో నానిన రొట్టె, ఆలివ్ నూనె కలిపి నూరిన పచ్చటి పచ్చడితో వడ్డిస్తారు. మనవాళ్లకు ఉడికిన కోడి అనగానే ముఖం ముడుచుకుపోతుంది, నాకూ అలాగే అయ్యింది. పచ్చడి ఘాటుగా నూరండి, అంతా అదే చూసుకుంటుంది. పక్కన బంగాళాదుంప ముద్ద చాలు.

శాకాహారుల విషయంలో జాగ్రత్త. కోడి సూపులోంచి టోర్టెల్లిని తీసేసి ఇవ్వడం మర్యాద కాదు. రికోటా అనే మెత్తటి జున్ను, పాలకూర కూరిన టోర్టెల్లోని, అంటే టోర్టెల్లిని కంటే పెద్దవి, వేరే కుండలో ఉడికించి, వెన్న, సేజ్ ఆకులతో పెట్టండి. 24 రాత్రి మాంసం మానే ఇళ్లలో ఇక్కడ తినేది అదే, కాబట్టి మీ శాకాహార అతిథులిద్దరికీ సర్దుబాటు భోజనం పెట్టినట్టు ఉండదు. అయితే పార్మిజానో రెజానో తయారీలో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. పట్టింపు ఉన్నవారికి జంతు రెన్నెట్ లేని చీజ్ వెతికి వాళ్ల పళ్లెం మీద తురమండి, పూర్ణంలోనూ అదే వాడండి.

తీపికి ఒక మంచి పనెటోనే, అంటే ఎండుద్రాక్ష వేసి పొంగించిన క్రిస్మస్ కేకు, కొనండి. ఇంట్లో చేయడం రెండు మూడు రోజుల పని, ఇటలీవారిలోనూ చేసేవారు అరుదు. అట్ట మీద వెన్న ఉందో లేదో చూడండి. ఇటలీ చట్టం ప్రకారం ఆ పేరు పెట్టాలంటే కనీసం 16 శాతం వెన్న కొవ్వు ఉండాలి. వడ్డించే ముందు కాసేపు వెచ్చటి చోట ఉంచితే వాసన విచ్చుకుంటుంది. తరువాత కమలాలు, అక్రోట్లు, చిన్న కప్పుల్లో నల్ల కాఫీ. భోజనం మీద కపుచినో మాత్రం ఇవ్వకండి.

కాఫీ అయ్యాక ఎవరూ లేవరు. అప్పుడు తంబోలా తీయండి. మన పెళ్లిళ్లలో ఆడే ఆ తొంభై అంకెల ఆటకు ఆ పేరు ఇటలీ నుంచి వచ్చిందే. నేపుల్స్‌వారికి ప్రతి అంకెకూ ఒక అర్థం ఉంది, 25 అంటే క్రిస్మస్, 90 అంటే భయం. అంకెల మీద పెట్టుకోవడానికి ఎండు చిక్కుడు గింజలు ఓ గుప్పెడు సిద్ధంగా ఉంచుకోండి.